కొర్రచేలో అత్త చెయ్యి

మా మామకు అర్ధవీడు దగ్గర పక్కపక్కనే రెండు చేలుండేవి, రెండూ ఎర్రనేలలే. తెల్లదొరల కాలం. మాది అప్పుడు కర్నూలు జిల్లా. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ ఇంట్లో గొర్రు వెంబడి నడిచి విత్తనం పోసేది మా అత్త ఒక్కతే.

గొర్రు మీద జడ్డిగం అని చెక్క గిన్నె ఉంటుంది. దాని అడుగున మూడు బెజ్జాలు, ఒక్కో బెజ్జం నుంచి ఒక్కో వెదురు గొట్టం నేలలోకి దిగుతుంది. పిడికిట్లోని గింజలు మూడింటికీ సమానంగా అందేటట్టు వేళ్ల సందుల్లోంచి వదులుతూ, ఎద్దుల నడకతో నడవాలి. ఇందులో ఏముందిలే అనుకున్నాను నేను. ఊళ్లో వాళ్లు మాత్రం తమ చేలల్లో కూడా తొలి సాలు అత్త చేతనే పోయించుకునేవాళ్లు. మంచి చెయ్యి అన్న ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

ఆ ఏడు తొలి వానకు అత్త మొదటి చేలో కొర్ర పోసింది. మొలకలు వచ్చాక చూస్తే ఎడమ గొట్టం సాలు ఎక్కడికక్కడ తెగిపోయి ఉంది. మా కిరస్తానం వాళ్లంతా ఆదివారం గుడి నుంచి ఆ గట్టు మీదుగానే ఇళ్లకు రావాలి. పక్కింటావిడ ఆగింది.

"ఏందక్కా, సాలు ఇట్ల తెగిపోయింది?"

"మా కోడలు పోసిందిలే. కొత్త చెయ్యి గదా," అంది అత్త, బైబిలు చంకలో పెట్టుకుని.

నేను ఆ విత్తనం ముట్టుకోనైనా లేదు. ఒళ్లు మండిపోయింది. ఇంటికి వచ్చి కుండలు కాస్త గట్టిగానే చప్పుడు చేశాను. సంగటి కెలుకుతుంటే అత్త చేతిలోంచి తెడ్డు జారిపోయింది. అప్పుడు చూశాను, ఆమె కుడిచేతి బొటనవేలు వంగడం లేదు. నా కోపమైతే పోలేదు.

మళ్లీ వాన పడ్డాక రెండో చేనికి గొర్రు కట్టారు. మామ విత్తనం మూట తెచ్చి నా చేతికిచ్చినాడు.

"ఈ తూరి నువ్వు పొయ్యమ్మా," అన్నాడు, అత్త వైపు చూడకుండా.

అత్త మొహం చిన్నబోయింది. తగిన శాస్తే అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండు సాళ్లు పోసేసరికి నా పిడికిలి చెమట పట్టి గింజలు అంటుకుపోయాయి. అత్త గట్టు దిగి వచ్చి, చేతికి ఇంత మన్ను రుద్దుకోమంది.

"గింజను చూడొద్దు. గొట్టాల్లో చప్పుడు విను. మూడూ ఒక్క తీరుగ పలకాల."

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నా పక్కనే నడిచింది.

ఆ చేను నిండుగా మొలిచింది. ఆదివారం పక్కింటావిడ మళ్లీ ఆగింది.

"ఇది అక్క చెయ్యి. చూస్తానే తెలుస్తా ఉంది."

నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. అత్త నా వైపు చూడలేదు. ఆ వేలిని కొంగులో దాచుకుని నిలబడింది.

"అవును చిన్నత్తా, అత్త చెయ్యే," అన్నాను.

ఇల్లు దగ్గర పడుతుండగా అత్త, "వచ్చే ఆదివారం నేనే చెప్తాలే," అంది. చెప్పలేదు. ఆ తర్వాత గొర్రు వెంబడి నడిచేది నేనేనని ఊరంతా చూసింది. అయినా ఆమె బతికినన్నాళ్లూ మా కొర్రచేనును నా చెయ్యి అని ఎవర్నీ అననివ్వలేదు నేను.