చారల నత్త కోసం అత్తిలి దాకా

ఉదయం ఆరున్నరకు రాజమండ్రిలో పాసెంజరు ఎక్కాను. చేతిలో ఖాళీ టిఫిన్ క్యారియరు, కడుపులో నిన్నటి తగువు.

మా కాలేజీ మ్యూజియంలో రెండు జాడీల నిండా నత్తగుల్లలున్నాయి. ఒకదాంట్లో చారలున్నవి, రెండోదాంట్లో లేనివి. వేరు వేరు జాతులని మా జువాలజీ హెడ్డుగారు అంటించిన లేబుళ్ళు. "చారల్లేనివి ముసలివండీ, చారలు పాచి కింద ఉన్నాయి. రెండూ ఒకటే జాతి" అన్నాను. మైనంతో మూసిన జాడీ తెరవనివ్వనన్నారు హెడ్డుగారు. పైగా, "సోమవారానికల్లా రుజువు తెండి. లేకపోతే జీవపరిణామం పేపరు వచ్చే ఏడు నేను చెబుతాను" అన్నారు. పదిహేనేళ్ళుగా ఆ పేపరు నాది. ఇచ్చేస్తానా!

నిడదవోలులో దిగి, స్టేషను బయట ఇడ్లీ తిని (చట్నీ నీళ్ళు), భీమవరం బండి పట్టుకుని తొమ్మిదిన్నరకు అత్తిలి చేరాను. వెళ్ళదలచినవాళ్ళు వేసవిలో కాలువలు కట్టేశాకే వెళ్ళండి. నీళ్ళు తగ్గి నత్తలు చేతికందుతాయి.

అక్కడి కాలువలో మా ల్యాబ్ అటెండరు వాళ్ళక్క దయమ్మ మోకాలి లోతు బురదలో నత్తలేరుతోంది.

"కూరకాండీ మేడంగారూ?"

"కాదు, చారలు చూడ్డానికి."

"చారలేం చేసుకుంటారండీ, లోపల కండ చూడాలి గానీ!"

గట్టుమీద రెండు కుప్పలు. పెద్ద గుండ్రటివి గుడ్లు పెట్టేవి, కూరకి. కోసుగా ఉన్న చిన్నవి పిల్లల్ని కనేవి, బాతులకి. "వీటిని వండితే కడుపులో పిల్లల గుల్లలు పంటికింద ఇసకలా పటపటమంటాయండి" అంది దయమ్మ. నా జాడీల్లోవి ఈ బాతుల నత్తలే.

ఆ చిన్నవాటిలోంచి పాచిపట్టి చారలు కనిపించని బోడి నత్తనొకదాన్ని ఇచ్చాను. రాయితో చితక్కొట్టింది. లోపల మిరియాలంత పిల్లలు, ఒక్కోదానికీ చారలు!

"గెలిచాను!" అని ఎగిరాను. ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది.

"నెమ్మదండీ, బాతులు బెదురుతున్నాయి. ఉండండి, అన్నీ ఇలాగే ఉండవు" అంటూ దయమ్మ ఇంకో బోడిదాన్ని కొట్టింది. పిల్లలు పచ్చగా, నున్నగా, ఒక్క చార లేకుండా!

"ఇది వేరే రకమండి. ఎంత తోమినా చార రాదు."

అంటే హెడ్డుగారన్నట్టు రెండు జాతులున్నాయి. నేనన్నట్టు చారల జాతిలో ముసలిదీ బోడిగానే కనిపిస్తుంది. మరి ఆ రెండో జాడీలో ఉన్నదేది? పైకే అనేశాను.

"తోమి చూడండి. గిన్నె నల్లదో మాడిందో తోమకుండా తెలుస్తుందాండీ?"

నాలుగింటి బండికి తిరుగు ప్రయాణం. క్యారియరు పై గిన్నెలో చారల పిల్లలు, కింది గిన్నెలో నున్నటి పిల్లలు. పై గిన్నె ఒక్కటే చూపిస్తే పేపరు నాదే. నిడదవోలు దాకా ఆ ఆలోచనతోనే కూర్చున్నాను.

అక్కడ ఎక్కిన మామిడిపళ్ళావిడ ముక్కు ముడిచింది. "ఏంటండీ అందులో?"

"నత్తలండి."

"కూరకా?"

"తగువుకి."

"గెలుస్తారా?"

"పై గిన్నెతో గెలుస్తాను. కిందిది చూపిస్తే ఏమో."

"చూపించకపోతే మోయడమెందుకండీ? కాలవలో పారెయ్యలేకపోయారా?"

గోదావరి బ్రిడ్జి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. నీళ్ళు కింద ఉన్నాయి, కిటికీ తెరిచే ఉంది, గిన్నె మాత్రం నా ఒళ్ళోంచి కదల్లేదు. ఒకే కాలువ, ఒకే బురద, తల్లి కడుపులోనే రెండు దారులు! అది దాచుకుని ఇక పరిణామం ఏం చెబుతాను?

రాజమండ్రిలో దిగగానే రెండు పళ్ళబ్రష్షులు కొన్నాను. ఒకటి నాకు, ఒకటి హెడ్డుగారికి.