సిలాసు ఇంటి నల్లపూసల ఫిల్టరు

నోయిడా శివారులో సిలాసు ఉండే కాలనీ వెనకే మురుగుకాలవ. దాని గట్టున పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్లు. వాటి సీసం కలిసిన కడుగునీళ్ళు తిన్నగా కాలవలో కలిసి, నేలలో ఇంకి, బోర్లలోకి దిగేవి. బోరు నీళ్ళు మాత్రం తేటగా కనబడేవి. అందుకే ఎవరికీ భయం లేదు, సిలాసుకి తప్ప.

సిలాసుది రేపల్లె. భార్య ప్రేమకుమారికి ఢిల్లీలో నర్సు ఉద్యోగం వస్తే వెంట వచ్చి, బేర్ సరాయ్ దగ్గర ఒక పరిశోధనశాలలో ల్యాబ్ అసిస్టెంటుగా కుదురుకున్నాడు. 2006లో అక్కడివాళ్ళు మురుగునీళ్ళలోంచి సీసమనే విషలోహాన్ని లాగేసే నానోకాంపోజిట్ అనే కొత్త పదార్థం తయారుచేశారు. రొయ్యపొట్టు నుంచి తీసిన జిగురులో కంటికి ఆనని ఇనుప రజను కలిపి చుట్టిన నల్లపూసలు.

“మా ఊళ్ళో రొయ్యపొట్టు కోళ్ళకేస్తారు సార్!” అని సిలాసు మురిసిపోయాడు. మిగిలిన పూసలు అడిగి తెచ్చుకుని ఇంట్లో స్టీలు డ్రమ్ములో పోసి ఫిల్టరు చేశాడు. అందులోంచి దిగిన నీళ్ళు ల్యాబులో పరీక్షిస్తే సీసం జాడే లేదు. ఇక అతని గొప్పలకి చర్చిలో అందరూ చెవులు మూసుకునేవారు.

అన్ని గొప్పలు చెప్పినవాడు అసలు సంగతి ఇంట్లో చెప్పలేదు. సీసం ఎక్కడికీ పోదు, పూసల్లోనే కూర్చుంటుంది. యాసిడ్ తగిలిందా, పట్టిందంతా కక్కేస్తుంది. ల్యాబులో అలా కడిగిన నీళ్ళని పుర్రె బొమ్మ వేసిన డ్రమ్ములో పోసి తాళం వేసేవారు. ఇంటి పూసలు మార్చాలని సిలాసు ప్రతి ఆదివారమూ అనుకునేవాడు. ప్రార్థన, భోజనం, నిద్ర, ఆదివారం అయిపోయేది. అలా ఏడాది దాటింది.

ఎండాకాలంలో కూతురు షెరిన్ తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. మర్నాడు సాయంత్రం సిలాసు డ్యూటీ నుంచి వచ్చేసరికి డ్రమ్ము ధగధగలాడుతోంది. మూత తీశాడు. పూసలు కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి.

“ఎవరు కడిగారిది?”

“నేనేనండీ,” అంది ప్రేమకుమారి గొప్పగా. “పిల్లకి ఈ జిడ్డు డ్రమ్ములో నీళ్ళా? రాత్రి చింతపండు పిసికి పూసలన్నీ నానబెట్టా. మా అమ్మ ఇత్తడి బిందెలకి అలాగే చేసేది.”

పులుపంటే యాసిడే కదా. ఒక్క మాట, ఒకే ఒక్క మాట ముందు చెప్పి ఉంటే! తన నోరు పడిపోనూ అనుకున్నాడు సిలాసు.

“తర్వాత దిగిన నీళ్ళు పారబోశావా?”

“పారబోద్దామంటే మీ అమ్మాయి ఊరుకుంటేనా? ఏడో నెల కదా, నోరు పులుపు కోరుకుంటోంది. పొద్దుట్నుంచీ అవే తాగుతోంది.”

మంచం మీద షెరిన్ ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని నవ్వింది. రెండో చేత్తో ఖాళీ గ్లాసు అతని ముందుకి చాపింది.

“పుల్లపుల్లగా, బహుత్ అచ్ఛా హై పాపా. ఇంకొక్క గ్లాసివ్వవా?”