బియ్యం డబ్బాలో దాచిన పలక

ఆ కొండపల్లెలో పన్నెండు ఇళ్లు. ఊరి సంఘం కబురు ఏదైనా చెక్క పలకకు తగిలించి ఇల్లిల్లూ తిప్పుతారు. చదివి, ఇంటి ముద్ర గుద్ది, పక్కింటికి అందించాలి. కాపురానికొచ్చిన నలభై ఆరేళ్లలో సదాయో ఆ పలకను ఒక్క పూట కూడా ఆపలేదు. అలాంటి మనిషి ఆ మంగళవారం దాన్ని బియ్యం డబ్బాలో దూర్చి మూత పెట్టేసింది.

అందులో ఆమె మొగుడి పేరుంది మరి. ఆదివారం పదింటికి, సంఘం హాల్లో, తమెకిచి గారి యుద్ధకాలపు జ్ఞాపకాలు. చైనాలో దండు వైద్యుడి వెనక మందుల సంచి మోసిన సిపాయి ఆయన. సైనికుల కోసం ఆడపిల్లల్ని ఉంచిన ఇంటి సంగతి నోరు విప్పి చెబుతానని పత్రికకు ఉత్తరం రాశాడు. ఊరంతా చదివింది, ఒక్కరూ చదివినట్టు కనబడలేదు. ఆ మర్నాటి నుంచే ఫోన్లు. తీస్తే ఊపిరి తప్ప మాట ఉండదు. ఒక్కసారి మాత్రం ఎవరో మర్యాదగా అడిగారు: "మీ మనవరాలు బడికి నడిచే వెళుతుందా అండీ?"

ఆ రోజు నుంచి సదాయోకి ముద్ద దిగితే ఒట్టు. పలక కనబడకపోతే జనం రారు, జనం రాకపోతే ఆయన చెప్పడు, పిల్ల క్షేమంగా ఉంటుంది. ఇదీ ఆమె లెక్క. పిచ్చితల్లి! పలక ఏ గడపలో ఆగిందో పన్నెండు ఇళ్లకూ తెలియకుండా ఉంటుందా?

గురువారం పక్కింటి కురామొచి వచ్చాడు. తమెకిచితో ఒకే దండులో పనిచేసినవాడు.

"ఏం వదినా, పలక మీ ఇంట్లోనే నిద్రపోతోందటగా?"

"ఎక్కడో పెట్టానండీ... వెతుకుతాను."

"వెతక్కులే, మంచి పనే చేశావు. ఆ ఆడవాళ్లు డబ్బుకొచ్చినవాళ్లు. కాదనడానికి కాగితం ముక్కయినా ఉందా? మావాడికి మతిపోయి యుద్ధంలో చచ్చిన మనవాళ్ల మీద బురద చల్లుతున్నాడు. మనవరాలున్న ఇల్లు, జాగ్రత్త."

ఫోనులో గొంతు ఇతనిదేనా? సదాయో వెళ్లి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

పెరట్లో ముల్లంగి ఎండబెడుతున్న తమెకిచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"కాగితం లేదురా, నిజమే. ఆ ఇంటి తలుపుకి గడియ ఉండేది. వైద్యుడు వచ్చిన రోజున అది వేసేవాణ్ణి నేనే. ఒక పిల్ల, పదిహేనేళ్లుంటాయేమో, లోపలి నుంచి తలుపు గీకుతూ అమ్మా అని ఏడ్చేది. డబ్బుకొచ్చిన పిల్లకి బయట గడియెందుకురా?"

"ఆహా, పెద్దమనిషివి! ఆ ఇంటి ముందు సిపాయిల వరసలో నువ్వు నిలబడలేదూ?"

తమెకిచి భార్య వైపు చూడలేదు.

"నిలబడ్డాను. ఆదివారం అదీ చెబుతాను."

కురామొచి వెళ్లిపోయాడు.

సదాయో వంటింట్లోకి వెళ్లి కూలబడింది. ఇన్నేళ్లూ ఈ మనిషికేనా తను అన్నం వడ్డించింది! ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. తలుపు గీకిన పిల్లకీ ఒక అమ్మమ్మ ఉండే ఉంటుంది అనుకుంది. అంతే, ఏడుపు ఆగలేదు.

చాలాసేపటికి లేచి, డబ్బా మూత తీసి, పలకకు అంటిన బియ్యం దులిపింది. ముద్ర గుద్దితే వంకరగా పడింది.

"ఏమండీ. ఆదివారం అన్నీ చెప్పండి. ఒక్కటీ మింగకండి. పిల్లని బడికి నేను తీసుకెళతాను."

"సదాయో..."

"ఇవాళ్టి నుంచి మీ పరుపు ముందుగదిలో."

పలకను కురామొచి గుమ్మం పక్కన మేకుకు తగిలించి వచ్చేయడం ఆమె అలవాటు. ఇవాళ తగిలించలేదు. తలుపు తట్టింది.

"పలక తెచ్చానండీ. ముద్ర వెయ్యండి."

పట్టపగలు ఆ పల్లెలో ఎవరూ తలుపు బిగించుకోరు. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. సదాయో కదల్లేదు, మళ్లీ తట్టింది.