మామ ముక్కుకు గుడ్డ

మా మామతో వేగడం కన్నా ఆయన కోళ్లతో వేగడం నయం. అవి కనీసం ఎదురు చెప్పవు.

ఈ వేసవిలో గూటికి పేలు పట్టాయి. గుడ్ల కోసం చెయ్యి పెడితే మోచేతి దాకా జరజర పాకేవి. పొదుగుతున్న పెట్ట కూడా కుదురుగా కూర్చోలేక మాటిమాటికీ లేచిపోతోంది. మందు కొడదామంటే గుడ్లు తినేది మేమే. అందుకని ఎండిన వేపాకు దంచి, జల్లించిన కట్టెల బూడిదలో కలిపాను. దాన్ని చల్లడానికీ ఒక పద్ధతుంది. కోళ్లను బయటికి తోలాలి, గాలికి ఎదురుగా నిలబడకూడదు, వంగి నేలకు దగ్గరగా రాల్చాలి, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి. వేపాకే కదా అని లోపలికి పీల్చుకుంటే దగ్గు ఊరుకోదు.

కోడలు ఇంత చెప్తే మామ విన్నాడా? మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను దగ్గర పనిచేసి, దగ్గుతో ఇంటికొచ్చాక ఆయనకు మిగిలిన పని ఈ కోళ్లే. నేను చల్లుతానంటే బూడిద చాట ఇవ్వడు. నీళ్లు పట్టుకుని వచ్చేసరికి గూట్లో తల దూర్చి పిడికిళ్లతో విసురుతున్నాడు. కోళ్లు లోపలే ఉన్నాయి. మూతికి గుడ్డ లేదు.

"మామా! గుడ్డ ఏదీ?"

"ఇరవై ఏండ్లు రాతిదుమ్ము తిన్నోణ్ణి. ఈ వేపాకు నన్నేం చేస్తది, పో."

ఒళ్లు మండిపోయింది. తువ్వాలు తెచ్చి నేనే కట్టాను. ఇటు తిరిగేలోపు విప్పి భుజాన వేసుకున్నాడు. మూడు రోజులకోసారి చల్లాలి, మూడు రోజులకోసారి మా ఇంట్లో ఇదే భాగోతం. మా మామంత మొండి మనిషి ఈ చుట్టుపక్కల లేడని వీధంతా చెప్పుకున్నాను. ఆదివారం ప్రార్థనలో కూడా, ఈయనకు కాస్త బుద్ధి ఇవ్వు తండ్రీ అని అడిగాను.

నాలుగోసారి రెండు ముడులు బిగించి, ఆయన చేతులు పట్టుకుని నిలబడ్డాను. "ఎట్ల విప్పుతావో చూస్తా" అన్నాను.

నిమిషం కూడా కాలేదు. రొమ్ము ఎగసిపడింది, కళ్లు తేలేశాడు. నా చేతులు విదిలించుకునే బలం కూడా ఆయనకు లేదు. భయంతో గుడ్డ లాగేశాను. చాలాసేపు గోడకానుకుని కూర్చున్నాడు. ఊపిరాడని మనిషిని ఇన్నాళ్లూ మొండివాడని తిట్టానని తెలిసి నామీద నాకే అసహ్యం వేసింది.

"గుడ్డ కడితే గాలి చాలట్లేదమ్మా" అన్నాడు చివరికి. "చెప్తే కోళ్లు అమ్మేస్తారని చెప్పలేదు."

వారం కింద నేనూ నా మొగుడూ అనుకున్నది అదే.