అన్నయ్య బండి కూత

పాత రైలు బళ్ళను కాపాడే సంఘం షెడ్డులో అందరూ ఆయన్ని ఫిట్టరు మావయ్య అంటారు. పొద్దున్నే వచ్చి, భుజం మీది నూనెగుడ్డ తీసి, ఓడలో దిగిన ఫారిన్ ఆవిరి ఇంజన్‌ని పసిబిడ్డకు ఒళ్ళు తుడిచినట్టు తుడుస్తాడు. ఇత్తడి గొట్టంలో తన మొహం కనబడేదాకా వదలడు. షెడ్డు వెనక పిచ్చిమొక్కల్లో, ఇక్కడి వర్క్‌షాపులోనే తయారైన ఇంజన్ ఒకటి తుప్పు పట్టిపోతోంది. "రెండిటినీ సాకలేం, జనం వచ్చేది ఫారిన్ బండి కోసమే" అని మీటింగులో అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆయనే. తుప్పుబండి కూతగొట్టం విప్పి దీనికి బిగించిందీ ఆయనే.

ఆదివారం ఫారిన్ బండిని నడిపారు. కూత వినగానే జనంలోంచి ఒక ముసలమ్మ తడుముకుంటూ వచ్చింది. ఫిట్టరు మావయ్యకు పని నేర్పిన డ్రైవరు భార్య. చూపు సరిగా ఆనదు.

"ఈ కూత వినే కదా మరిదీ, మీ అన్నయ్య వస్తున్నాడని పొయ్యి వెలిగించేదాన్ని! ఆయన బండిని ఎంత బాగా చూసుకుంటున్నావయ్యా!" అంటూ ఇంజన్ మీద చెయ్యి వెయ్యబోయింది.

"అవును వదినా" అన్నాడు. ఆమె చెయ్యి కాలకుండా నూనెగుడ్డ అడ్డం పెట్టాడు.

మర్నాడూ వచ్చాడు, అంతా తుడిచాడు. ఇత్తడి గొట్టాన్ని మాత్రం మొహం కనబడకముందే వదిలేశాడు.