పులిచారల చేపల వేరుకాపురం

మొన్న కరీంనగర్‌లో పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నప్పుడు, ఎదురుగా అక్వేరియంలో పసుపు ఒంటి మీద నల్లచారలున్న చేపలు ఒకదాన్నొకటి తరుముకుంటూ కనిపించాయి. పంటినొప్పి మరిచి ఫక్కున నవ్వేశాను. పక్కనున్నావిడ కొంచెం దూరం జరిగి కూర్చుంది. కొత్తవాళ్లతో నోరు విప్పలేని నేను ఆమెకు కారణం చెప్పలేక, ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మస్కట్‌లో పనిచేసే మా నాన్న, మా బాపు, సెలవు మీద వచ్చి రెండడుగుల గాజుతొట్టి, ఆరు పులిచారల టైగర్ బార్బ్‌లు, పొడుగు రెక్కల తెల్లటి ఏంజెల్ చేప ఒకటి కొనుక్కొచ్చాడు. తిరిగి వెళ్లాక ప్రతి శుక్రవారం వీడియో కాల్‌లో మా ముఖాలకంటే ముందు ఏంజెల్‌నే చూపించమనేవాడు. అక్కడ పన్నెండు మంది పడుకునే గదిలో దాని తీరుబడి నడక తలుచుకుంటేనే తనకు నిద్ర పడుతుందట. దాన్ని కాపాడే పూచీ నాది.

నెల తిరగకముందే ఆ పులిచారల మూక దాని రెక్కలను కొరికి కొరికి అరిగిన చీపురులా చేసింది. శుక్రవారం వస్తే నేను ఫోనూ, నన్ను కన్న అవ్వ టార్చిలైటూ పట్టుకుని, దాని మంచివైపు మాత్రమే బాపుకు చూపాలని తంటాలు పడేవాళ్లం. అది సరిగ్గా అప్పుడే అటు తిరిగేది. అవ్వ నేరమంతా సిగ్నల్ మీదికి నెట్టేది.

పంచాయతీ బాపు తల్లి బాపమ్మ దగ్గరికి వెళ్లింది. కొడుకులిద్దరూ కొట్లాడుకుంటే ఇంటి నడుమ గోడ పెట్టించిన మనిషి ఆమె. "ఒక్క కడుపుల వుట్టినోళ్లకే పొసగలే, గివిటికి పొసుగుతదా? ఏరు పెట్టుర్రి" అని తీర్పు చెప్పి, నాలుగు చేపలను తొక్కు పచ్చడి సీసాలో వేసుకుని గోడ అవతల పెద్దబాపుకు ఇచ్చొచ్చింది. ఆయనా బాపూ మాట్లాడుకోక అప్పటికి మూడేళ్లు.

మిగిలిన రెండూ నెమ్మదిస్తాయనుకుంటే మరింత రెచ్చిపోయాయి. ఏంజెల్ మూలకు చేరి తిండి మానేసింది. మనుషులు విన్న తన మాట చేపలు వినలేదని బాపమ్మ అలిగింది.

ఇక ఆగలేక బస్సెక్కి కరీంనగర్ చేపల దుకాణానికి వెళ్లాను. నోటితో అడగలేక సంగతంతా కాగితం మీద రాసి దుకాణదారు చేతిలో పెడితే, ఆయన దాన్ని అందరూ వినేలా చదివి, 'బాపమ్మ వేరు పెట్టింది' అన్నది రెండుసార్లు చదివాడు. నేను మేత డబ్బాల వెనక్కి నక్కాను.

"గివి గుంపుల బతికేటియి బిడ్డా. ఎనిమిదుంటే వాటిల్ల అవే కొట్లాడుకుంటయి. తక్కువైతెనే పక్కదాని మీద వడ్తయి. కలిపి పెట్టుమను మీ బాపమ్మను."

ఇంకో రెండు చేపలతో ఇంటికొచ్చాను. కానీ పెద్దబాపును అడగడానికి బాపమ్మ ఒప్పుకోలేదు. "పంచిచ్చిన వాటా మళ్ల అడుగుతరే? నా పానం బోయినా అడుగ." చివరికి నేనే వెళ్లి, గుమ్మంలో నిలబడి, మాట పెగలక ఏడ్చేశాను. పెద్దబాపు మగ్గం ఆపి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది బిడ్డా? మస్కట్ల తమ్మునికేమన్న అయ్యిందా?"

తల అడ్డంగా ఊపి, ఆయన గూట్లో ఉన్న నాలుగు చేపల సీసా చూపించాను.

"చేపల కోసమా! పానం తీస్తివి గదే, పిల్లా!" అంటూనే సీసా చంకన పెట్టుకుని, మూడేళ్ల తర్వాత మా గడప లోపలికి వచ్చాడు.

ఎనిమిదీ కలిసి వాటిలో అవే తన్నుకోవడం మొదలుపెట్టాయి. నాలుగో రోజు ఏంజెల్ మూల వదిలి మేత ముట్టింది. తర్వాత దాని రెక్కలకు అద్దంలాంటి కొత్త అంచు మొలిచింది. పెద్దబాపు రోజూ సాయంత్రం 'తన నాలుగింటిని' చూడటానికి వచ్చేవాడు. అన్నీ ఒక్కలా ఉన్నా తాను గుర్తుపడతాననేవాడు.

ఒక శుక్రవారం నేను ధైర్యంగా ఏంజెల్‌ను రెండువైపులా చూపిస్తుంటే బాపు ముఖాన్ని ఫోను దగ్గరికి తెచ్చాడు. తొట్టికి అవతల, నీళ్లలోంచి, పెద్దబాపు ముఖం గుమ్మడికాయంత కనిపిస్తోంది.

"అన్న దొడ్డుగైండు గదా," అన్నాడు బాపు.

"నీళ్లల్ల గట్లనే కనవడ్తది," అన్నాడు పెద్దబాపు గోడకేసి చూస్తూ. తర్వాత ఫోను నా చేతిలోంచి లాక్కున్నాడు. "నువ్వెట్లున్నవురా?"

ఇప్పుడు బాపు ఇక్కడే ఉంటున్నాడు. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి గది వాళ్లది. అప్పట్లో మగ్గాల చప్పుడులో ఆ ఒక్క ఫోను ముందు రెండిళ్లవాళ్లం ఆరుగురం ఒకరి మీద ఒకరు పడి అరుస్తుంటే, ఆ సందట్లో నేనూ గొంతెత్తి మాట్లాడేదాన్ని. ఇప్పుడు నా మాటకు ఎవరూ అడ్డురారు. ఏం చెప్పాలో నాకే తోచదు.