ఒకే పేరున్న ఇద్దరు

హైదరాబాద్‌లో మా పరిశోధన కేంద్రంలో నా యాస విని నవ్వనివాళ్లు తక్కువ. రేగొండ చుట్టుపక్కల ఊళ్లలో రక్తం ఇవ్వమని అడగాల్సి వచ్చేసరికి మాత్రం అదే యాస మా ఆఫీసువాళ్లకు ముద్దొచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని జబ్బుల డేటా చూసే ఉద్యోగం నాది. మాది ఆ వైపే, కేసముద్రం కాబట్టి నన్నూ జీపెక్కించారు. కిడ్నీ జబ్బును ముందుగా కనిపెట్టడం ఎలాగన్నది ఆ ప్రాజెక్టు.

ఒక ఇంటి అరుగు మీద ఒక అవ్వ రక్తం ఇచ్చి, చేతికి దూది అదుముకుంటూ అడిగింది.

"నాకేమున్నదో ఎట్ల ఎరికైతది బిడ్డా?"

"ఏమన్న తేడా ఉంటె నెలలోపల ఫోన్ చేస్తం అవ్వా. ఫోన్ రాలేదంటె మంచిగున్నట్టే."

డిగ్రీ చదివే ఆమె మనవరాలు అంతకుముందే రక్తం ఇచ్చింది. ఇద్దరి పేరూ ఒకటే.

మా వైపు పెద్ద మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టడం మామూలే. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ నంబర్ రాయించడమూ మామూలే. మా ఆఫీసులో ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. పేరు, ఊరు, ఫోన్ కలిస్తే ఒకే మనిషి కింద లెక్కగట్టి పట్టికలో రెండో వరుస తీసేయమన్నారు మా పెద్దసారు. మరి వయసు తేడా ఉంటేనో అని అడిగాను. "పల్లెటూళ్లో వయసు ఎవరు సరిగ్గా చెప్తారమ్మా?" అని నవ్వారు. పరిశోధన పేపర్ మీద నా పేరు మొదటిసారి రాబోతోంది. సిగ్గు లేకుండా నోరు మూసుకుని, ఆ ప్రోగ్రాం నేనే రాసిచ్చాను.

మూడు నెలల తర్వాత, పేపర్ పంపేశాక, మనసు ఊరుకోక తీసేసిన వరుసలు తెరిచి చూశాను. మనవరాలి వరుస పట్టికలో భద్రంగా ఉంది. తీసేసిన వాటిలో అవ్వ ఉంది. ఆమె కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే అంకె, ఉండాల్సిన దానికన్నా చాలా పైన ఉంది.

పరుగున పోయి సారుకు చూపించాను. ఫోన్లు చేసే విభాగానికి ఆయన సంతకంతోనే జాబితా పోవాలి.

"పేపర్ సంగతి తేలాక చూద్దాం. ఒక్క మనిషితో ఫలితం మారదు కదా" అన్నారాయన.

ఒళ్లు మండిపోయింది. "పేపర్‌కు మారదు సార్. ఆమెకు మారుతుంది" అని బయటకొచ్చి, మెట్ల మీదే నిలబడి ఫోన్ చేశాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను.

మనవరాలు ఎత్తింది. అవ్వ పేరు చెప్పి, ఆమెతో మాట్లాడాలన్నాను.

"ఎవరు కావాలె అక్కా? నేనా, మా నాయినమ్మనా?"

ఇంతమందిమి డాక్టరేట్లు పెట్టుకుని ఈ ఒక్క ముక్క అడగలేకపోయాం.

అవ్వ ఫోన్ తీసుకుంది. కాళ్లు వాచినయంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తున్నదంది. మరి దవాఖానకు ఎందుకు పోలేదని ఆమె మీదే గట్టిగా అరిచాను.

"పోదామని మా పిల్ల రోజూ లొల్లి పెట్టింది బిడ్డా. నేనే వద్దన్న. ఫోన్ రాకుంటె మంచిగున్నట్టే అని నువ్వే చెప్తివి గద."